గాలివాలు చూచి పని



నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్సు ప్రాంతమునకు వచ్చువారు మొజంజాహి మార్కెట్టు నెరుగుదురు. దాని యెదుట తుల్జాగూడ భవనములలో, నేడు ఉప్పలునందున్న డీఎన్ఏ వేలిముద్రల, వ్యాధినిర్ధారణ కేంద్రము పెక్కేండ్లు పనిచేసినది. క్షయక్రిమిని గూర్చిన పరిశోధనయు అందు జరిగినది. ఇట్టి క్రిములను చేపట్టి పరీక్షించువారికి రక్ష యేమి?

రోగి కఫమును కుదిపినను, గొట్టము మూత తీసినను కంటికానని తుంపరలు లేచును. అవి ఊపిరిలో చేరిన ముప్పు. అందులకే బయోసేఫ్టీ క్యాబినెట్టు అను రక్షణ పెట్టె కలదు. మీరు కళ్లమున తూర్పారబట్టునపుడు పొట్టు మొగమున పడకుండ గాలివాలు చూచి నిలుతురు గదా! ఈ పెట్టె మర్మమును అదియే.

ఇవి మూడు తరగతులు. మొదటిదానిలో గాలి పనివాని వైపునుండి లోనికి పోయి, వడపోత దాటి వెలువడును. పనివాడు క్షేమము, గదిలోని దుమ్ము మాత్రము నమూనాపై పడవచ్చును. రెండవదానిలో ముందుగాలి అంచుననున్న జాలకమున దిగిపోవును. పైనుండి వడగట్టిన గాలి నమూనాపై దిగును. పనివాడు, నమూనా, పరిసరము మూడును క్షేమము. పెక్కు పరీక్షాశాలలలో వాడునది ఇదియే. మూడవది అంతట మూసిన పెట్టె. దానికి బిగించిన తొడుగులలో చేతులుంచి పనిచేయుదురు. ఎబోలా వంటి ఘోరవ్యాధులకు ఇట్టిది తగును.

హెపా అను వడపోత, మైక్రానులో 0.3 వంతు కణములను సైతము పదివేలకు 9,997 ఆపును. విషవాయువులను మాత్రము ఆపజాలదు.

ఒక హెచ్చరిక. చూపునకు ఇట్లేయుండు శుద్ధవాయు బల్ల యొకటి కలదు. అది నమూనాను కాపాడి, గాలిని పనివాని మొగముననే కొట్టును. రోగక్రిములతో దానియందు పనిచేయరాదు.

1978లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ వైద్యకళాశాలలో, మశూచి ప్రయోగశాలకు పై అంతస్తున పనిచేయుచుండిన స్త్రీ యొకతె ఆ వ్యాధి సోకి మరణించెను. అప్పటికి లోకమున సహజముగా మశూచి సోకుట ఆగిపోయియుండెను. ప్రయోగశాలలో జాగ్రత్త తప్పిన, దాని ఫలము గోడ దాటి పోవును.

కావున పెద్దలారా, మీ ప్రాంతపు ఆసుపత్రిలో ఇట్టి పెట్టె యున్నచో, ఉన్నదని తృప్తిపడకుడు. గాలి ఎటు పోవుచున్నదో ఏటేట పరీక్షించుచున్నారా యని అడుగుడు. దాని ముందు కూర్చుండునది మన యూరి బిడ్డయే కావచ్చును.

సెలవు.