ట్రిప్‌లో కారు వాగులో ఆగిపోయిందా? స్టార్ట్ మాత్రం కొట్టకండి

వర్షాలు మొదలైతే చాలు, మనవాళ్ల బండ్లన్నీ లంబసింగి, మారేడుమిల్లి, అరకు వైపే. థార్ ఉన్నవాడు వాగు కనిపిస్తే ఆగడు. లేనివాడు కూడా ఆగట్లేదు, అది వేరే విషయం. వాగు మధ్యలో బండి ఆగిపోయాక ఏం చేయాలో ఇవాళ చూద్దాం. క్లెయిమ్ వస్తుందా రాదా అన్నది చాలాసార్లు ఆ తర్వాతి పది నిమిషాల్లోనే తేలిపోతుంది.

బండి ఆగగానే అందరూ చేసే పని ఒకటే, మళ్లీ స్టార్ట్ కొట్టడం. అదే వద్దంటున్నా. సిలిండర్‌లో గాలి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కగలదు. నీళ్లు ఉంటే నొక్కలేదు. ఇన్‌టేక్ నుంచి నీళ్లు లోపలికి వెళ్లాక స్టార్ట్ కొడితే పిస్టన్ వచ్చి ఆ నీళ్లకి గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. కీ అయినా, పుష్ బటన్ అయినా, గేర్‌లో వేసి నలుగురితో తోయించినా ఇంజిన్‌కి తేడా లేదు. అప్పటిదాకా ఫిల్టర్ మార్చి, ఆయిల్ మార్చి, ఆరబెడితే బతికే ఇంజిన్, ఆ ఒక్క స్టార్ట్‌తో ఓవర్‌హాల్‌కి వెళ్తుంది.

ఇప్పుడు ఇన్సూరెన్స్ సంగతి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండికి రూపాయి రాదు. కాంప్రహెన్సివ్ అయితే వరద నష్టం కవర్ అవుతుంది. సీట్లు, కార్పెట్, వైరింగ్ నీళ్లకి పాడైతే క్లెయిమ్ చేయొచ్చు. కానీ పాలసీలో కాన్సీక్వెన్షియల్ లాస్ అని ఒక మినహాయింపు ఉంటుంది. నీళ్లు రావడం ప్రమాదం, ఆ తర్వాత మీరు స్టార్ట్ కొట్టి ఇంజిన్ పోగొట్టడం దాని పర్యవసానం, అది మేం ఇవ్వం అంటారు. ఇంకో కండిషన్ కూడా ఉంది, దాన్ని ఎవరూ చదవరు. ప్రమాదం జరిగాక రిపేర్ చేయించకుండా బండి నడిపితే, అదనంగా అయిన నష్టం మొత్తం ఓనర్ మీదే. అందుకే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ అమ్ముతారు. మామూలుగా పాలసీ తీసుకునేటప్పుడో రెన్యువల్‌లోనో ఇస్తారు. వాగులో నిలబడి యాప్ ఓపెన్ చేస్తే దొరకదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఇంటి ముందు పార్క్ చేసిన బండ్లు నీళ్లలో ఉండిపోయాయి. వాళ్లు సరదాకి వెళ్లి తడిపినవి కావు. అయినా నీళ్లు తగ్గాక ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం అనుకుంటే ఇదే రూల్, ఇదే రాడ్.

సరే, మరి ఏం చేయాలి? ముందు మనుషులు బయటికి రావాలి. నీళ్లు పెరుగుతుంటే బండిని వదిలేయండి. ప్రమాదం లేదు అనుకుంటే ఫోన్ తీసి వీడియో. నంబర్ ప్లేట్ కనపడాలి, డోర్ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ బురద గీత కనపడాలి, చుట్టూ ఉన్న చోటు కనపడాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి సర్వర్ పడిపోతే లాగ్స్ సేవ్ చేయకుండా రీస్టార్ట్ కొట్టినవాడి మీద ఎంత కోపం వస్తుందో, సర్వేయర్‌కి కూడా అంతే. వీలైతే బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సిగ్నల్ దొరికిన మొదటి చోటే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి.

ఊళ్లో ట్రాక్టర్ వాళ్లు సాయం చేస్తారు, కానీ తాడు బంపర్‌కి కట్టనివ్వకండి, టో హుక్‌కి కట్టించండి. ఫోర్ బై ఫోర్ బండిని రెండు చక్రాలు నేల మీద ఉంచి లాక్కెళ్తే గేర్‌బాక్స్ పోవచ్చు, ఫ్లాట్‌బెడ్ అడగండి. స్టాండర్డ్ పాలసీలో కారుకి టోయింగ్ కింద ఇచ్చేది 1,500 రూపాయల వరకే. దాంతో ఘాట్ కూడా దిగం. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసుకోండి.

దారిలో మెకానిక్ "నేను చూస్తా తమ్ముడూ" అని ఇంజిన్ విప్పబోతే దండం పెట్టి ఆపండి. సర్వేయర్ చూడకముందే విప్పిన బండి మీద వాదన ఎప్పుడూ మనకి ఎదురే తిరుగుతుంది. రిపేర్ మధ్యలో కొత్త డ్యామేజ్ బయటపడితే దానికి కూడా ముందు అప్రూవల్, తర్వాతే పని.

బిల్లు లెక్క ఒకటి చూద్దాం. బండి వయసు రెండేళ్లు దాటింది, మూడు నిండలేదు, ఇంజిన్ 1500 సీసీ పైన. ప్లాస్టిక్ పార్ట్‌లు 20,000, మెటల్ పార్ట్‌లు 40,000, అద్దాలు 12,000, లేబర్ 18,000. మొత్తం 90,000. జీఎస్టీ పక్కన పెడదాం. ప్లాస్టిక్, రబ్బర్‌కి 50 శాతం తరుగుదల, అంటే 10,000 మనది. ఈ వయసు మెటల్‌కి 15 శాతం, 6,000 మనది. అద్దాలకి తరుగుదల లేదు. కంపల్సరీ డిడక్టబుల్ 2,000. మొత్తం మన జేబులోంచి 18,000, కంపెనీ 72,000. జీరో డెప్ ఉంటే ఆ 16,000 కూడా మిగిలేది. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించుకున్నవాళ్లకి ఆ రోజు అర్థమవుతుంది.

చిన్న గీతలకి మాత్రం క్లెయిమ్ ఆలోచించి వేయండి. ఒక్క క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్ సున్నాకి వస్తుంది. మళ్లీ 50 శాతానికి చేరాలంటే క్లెయిమ్ లేని ఐదేళ్లు కావాలి.

ఇది కొంచెం సీరియస్. లైసెన్స్ లేని ఫ్రెండ్ నడిపాడు, పేపర్ మీద ఇంకొకడి పేరు రాద్దాం అంటారు గ్యాంగ్‌లో ఎవరో ఒకరు. వద్దు. ఆ అబద్ధం దొరికితే మొత్తం క్లెయిమ్ పోతుంది, ఓనర్ మీద కేసు కూడా అవ్వొచ్చు. అలాగే తెల్ల నంబర్ ప్లేట్ కారు డబ్బులిచ్చి అద్దెకి తీసుకెళ్తే, ప్రైవేట్ పాలసీలో అద్దె వాడకానికి కవర్ ఉండదు. సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేట్, పసుపు అక్షరాలు ఉండాలి. అది చూశాకే అడ్వాన్స్ కొట్టండి.

రిజెక్ట్ చేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ 155255.

మీ పాలసీ పీడీఎఫ్‌లో యాడ్-ఆన్ల పేజీ తీసి చూడండి. ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందో లేదో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో సెల్ఫ్ డ్రైవ్ అగ్రిమెంట్లు చదువుదాం. ఉంటా మరి.