మేఘనాదుడి ఇంటివాళ్లు



ఈ స్మారకోపన్యాసం ఏ పెద్దాయన పేరున జరుగుతున్నదో, ఆయన సిరిసిల్ల నుంచి బతుకుదెరువుకు భివండి వచ్చి, పద్మానగర్‌లో ఉంటూ ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపారు. పుస్తకమేదీ రాయలేదు. రాత్రిపాళీలో కరెంటు పోయి కార్ఖానా సద్దుమణిగితే కథలు చెప్పేవారు. కండెలు చుట్టడానికి పోయిన పిల్లవాణ్నిగా నేనూ విన్నాను. ఇంద్రజిత్తు కథ మొదలుపెడుతూ ఒకసారి ఆగిన సాంచె మీది, పోగును అటూ ఇటూ మోసే నాడె తీసి నా చేతిలో పెట్టారు. రెండు కొసలా ఇనుప మొనలు, నడుమ కండె, నూనె వాసన. "ఇంద్రజిత్తంటే గిదేరా. పొయ్యేటప్పుడు కండ్లకు కనబడదు. ఎగిరొచ్చి తాకినంకనే తెలుస్తది" అన్నారు. నాడె ఎగిరి కన్ను పోయినవాళ్లు మా గల్లీలోనే ఉండేవారు. నాకు ఒళ్లు జలదరించింది.

ఇవాళ మన పిల్లలు ఫోన్లలో చూసే అంతరిక్ష యుద్ధాల్లోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. శత్రుపక్షపు మేటి యోధుడు, పేరు వింటేనే గుండెలు జారతాయి. 1979లో జపాన్‌లో తొమినో యోషియుకి తీసిన 'మొబైల్ సూట్ గండం'లో చార్ అజ్‌నబుల్‌ను 'ఎర్ర తోకచుక్క' అంటారు. యంత్రం ఎరుపు, ముఖానికి ముసుగు. ఆ ముసుగు వెనక ఉన్నది తండ్రిని పోగొట్టుకున్న కొడుకు. చెల్లెలేమో ఎదుటివాళ్ల నౌకలో ఉంటుంది.

మన ఇంద్రజిత్తు, అంటే వాల్మీకి రామాయణంలోని రావణుడి కొడుకు మేఘనాదుడు, కూడా అలాంటివాడే. ఆకాశంలో మాయమై రామలక్ష్మణులను నాగాస్త్రాలతో కట్టిపడేశాడు. మరోసారి 67 కోట్ల వానరులను పడగొట్టాడు. సొంత చిన్నాన్న విభీషణుడు గుట్టు చెప్పి, నికుంభిలలో హోమం చెడగొట్టించినా, అతన్ని కూల్చడానికి లక్ష్మణుడికి మూడు పగళ్లు, మూడు రాత్రులు పట్టింది. శత్రువు కదా అని కవి అతని బలం రవ్వంత తగ్గించలేదు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం మన తెలుగు చేర్చిన ఘట్టం. గోన బుద్ధారెడ్డి 'రంగనాథ రామాయణం'లో ఇంద్రజిత్తు భార్య సులోచన శత్రు శిబిరానికి నడిచి వెళ్లి రాముడి ఎదుట నిలబడుతుంది. కథ సహగమనంతో ముగుస్తుంది. ఆ ముగింపును నేను ఒప్పుకోను. కానీ ఆకాశం నుంచి బాణాలు కురిపించినవాడికీ ఒక ఇల్లుందని, ఆ ఇంట్లో ఏడ్చే మనిషి ఉందని చెప్పినందుకు బుద్ధారెడ్డికి చేతులెత్తి మొక్కుతాను.

శత్రువు పట్ల ఈ మర్యాద నిజమైన యుద్ధంలోనూ కనబడింది. 80 విమానాలు కూల్చిన జర్మన్ వైమానికుడు రిచ్‌థోఫెన్ 1918 ఏప్రిల్ 21న ఫ్రాన్స్‌లో చనిపోయాడు. ఇరవై ఆరేళ్లు నిండలేదు. మర్నాడు బెర్తాంగ్లెలో ఆస్ట్రేలియా వైమానికులు, అంటే అతని శత్రువులే, శవపేటికను భుజాన మోసి సైనిక లాంఛనాలతో ఖననం చేశారు.

మన దగ్గర మాత్రం ఆ మర్యాద నిలవలేదు. 1970 మేలో, మళ్లీ 1984 మేలో, ఈ భివండి మతకలహాల్లో కాలింది. పుకార్లలో తిరిగిన శత్రువుకు ముఖం లేదు. మొన్నటిదాకా పక్క సాంచె మీద తెగిన పోగులు అతికినవాడికే మనం ముసుగు తొడిగాం. ఆ తర్వాత పెద్దాయన ఇంద్రజిత్తు కథ ఎప్పుడు చెప్పినా సులోచన దాకా చెప్పనిదే లేచేవారు కాదు.

కథలు రాసే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ అంతరిక్ష యుద్ధంలో శత్రువు నౌక కూలిన చోట ఆపకండి. అతని కోసం ఎదురుచూస్తున్న ఇంటిదాకా రాయండి. రాసి పద్మానగర్‌కు తీసుకురండి. కూర్చుని వింటాం.