ఇంగ్లీషు నుడికారం - మన పిల్లలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. మా తెలుగులో తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించండి. అసలు ఈరోజు మాట్లాడబోయేది కూడా ఒక తప్పు గురించే. అది మేము చేసిన తప్పు.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా బడిలో చదివిన ఒక అబ్బాయికి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. తీరా రెండు రోజుల ముందు ఇంకో ఉత్తరం వచ్చింది. అది పట్టుకుని సాయంత్రం మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. ఇంటర్వ్యూ 'పుట్ ఆఫ్' చేశామని అందులో ఉంది. 'పుట్ ఆఫ్ ది లైట్' అంటే దీపం ఆర్పమని కదా, అంచేత ఇంటర్వ్యూ కూడా ఆరిపోయిందనుకున్నాం. "రద్దయింది బేటా, వేరే పని చూసుకో" అని చెప్పాం. అతను మా మాట నమ్మి, పని వెతుక్కుంటూ వేరే ఊరు పోయాడు. కొత్త తేదీతో మూడో ఉత్తరం వచ్చేసరికి ఇంట్లో దాన్ని చదివేవాళ్లు లేరు. అక్కడ 'పుట్ ఆఫ్' అంటే వాయిదా అని మాకు ఆలస్యంగా తెలిసింది. రద్దయితే 'కాల్ ఆఫ్' అని రాసేవారు. ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

ఆ తర్వాతే ఇటువంటి మాటల్ని పట్టుదలగా చదవడం మొదలుపెట్టాం. వీటిని 'ఫ్రేజల్ వర్బ్' అంటారు. ఒక చిన్న క్రియ, దాని వెనుక ఆన్, ఆఫ్, అప్, అవుట్ వంటి తోక. తోక మారితే అర్థమే మారిపోతుంది. 'పుట్ ఆన్' అంటే బట్టలు వేసుకోవడం, 'పుట్ అవుట్' అంటే మంట ఆర్పడం, 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం. 'లుక్ ఫర్' అంటే వెతకడం, 'లుక్ ఆఫ్టర్' అంటే బాగోగులు చూసుకోవడం, 'లుక్ డౌన్ ఆన్' అంటే చిన్నచూపు చూడడం. 1755లో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ కూడా, పరదేశీయులకు ఎంతో కష్టం కలిగించేవి ఇవేనని తన పీఠికలో ఒప్పుకున్నాడు. కనుక పిల్లలూ, ఇవి అర్థం కాకపోతే అది మీ తెలివితక్కువ కాదు.

అయినా ఈ పద్ధతి మనకు కొత్తా? తెలుగులో 'పడు' అంటే కింద పడడం. కాని భయపడు, బయటపడు, తిరగబడు అన్నప్పుడు ఎవరు కింద పడుతున్నారు? ఉర్దూలో 'ఖా జానా' అంటే తిని వెళ్లడం కాదు, తినేయడం. పారిపోయినవాణ్ణి ఉర్దూలో 'నౌ దో గ్యారహ్ హో గయా' అంటాం. తొమ్మిదీ రెండూ పదకొండని లెక్క కడుతూ కూర్చుంటే దొంగ దొరుకుతాడా? తెలుగులో 'కాళ్లకు బుద్ధి చెప్పాడు' అంటారు. ఇంగ్లీషువాడు 'టుక్ టు హిజ్ హీల్స్' అంటాడు. చాలా రోజులకు కనిపించిన మిత్రుడు మనకు 'ఈద్ కా చాంద్', తెలుగువారికి 'నల్లపూస'. ఇంగ్లీషులో ఎప్పుడో గాని జరగని పనిని 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మన పిల్లలకు ఈ కిటుకు పుట్టుకతోనే తెలుసు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

అందుకని మూడు మాటలు మనవి చేస్తాం. ఒకటి, వీటిని విడి మాటలుగా బట్టీ పట్టకండి, పూర్తి వాక్యంతో నేర్చుకోండి. 'పుట్ ఇట్ ఆఫ్' అనాలి గాని 'పుట్ ఆఫ్ ఇట్' అనకూడదు. 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనాలి గాని 'లుక్ ఇట్ ఆఫ్టర్' అనకూడదు. ఇది వాక్యం చూస్తేనే పట్టుబడుతుంది. రెండు, చోటు చూసి వాడండి. మాటల్లో 'పుట్ ఆఫ్' బాగుంటుంది, దరఖాస్తులో 'పోస్ట్‌పోన్' అని రాస్తే మర్యాద. అలాగే 'కాల్ ఆఫ్'కి 'క్యాన్సిల్', 'పుట్ అప్ విత్'కి 'టాలరేట్'. మూడోది మా వంటి ఉపాధ్యాయులకు. తెలియనప్పుడు "ఆగు బేటా, నిఘంటువు చూసి చెప్తా" అనడానికి సిగ్గుపడవద్దు. ఆ రోజు మేము ఆ ఒక్క మాట అని ఉంటే ఒక ఇంటి కథ వేరుగా ఉండేది.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. పఠనమందిరంలో ఒక మంచి ఇంగ్లీషు నిఘంటువు పెట్టించండి. వారానికి ఒక సాయంత్రం మేము వచ్చి కూర్చుంటాం. ఎవరింటికి ఇంగ్లీషు ఉత్తరం వచ్చినా తీసుకురండి, కలిసి చదువుదాం. ఈసారి ఒకటికి రెండుసార్లు చదువుదాం.

సెలవు.