లెక్కల దినము - ఇమాము గజాలీ
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రామపు లెక్కలలో తరతరములుగా వాడుకలోనున్న మాటలు కొన్ని కలవు: జమ, ఖర్చు, బాకీ, వసూలు, హిసాబు. ఇవి తెలుగు మాటలే యని చాలమంది తలంతురు. వాడి వాడి తెలుగు చేసికొన్నమాట నిజమే. కాని వీని పుట్టినిల్లు అరబ్బీ భాష. పారసీకము మీదుగా సుల్తానుల దఫ్తరములలోనికి వచ్చి, అచటినుండి కరణముల కవిలెకట్టలలోనికి, కవిలెలనుండి సంతలోనికిని ఇంటిలోనికిని దిగినవి. వీనిలో హిసాబు అను మాటకు ఖురానునందు ఇంకొక యెత్తైన స్థానమున్నది. మరణించినవారందఱును మరల లేచి, దేవుని యెదుట తమతమ పనులకు లెక్క చెప్పవలసిన దినమునకు అందు ‘యౌముల్ హిసాబ్’, అనగా లెక్కల దినము, అని పేరు. ధాన్యపు లెక్కకును, పుణ్యపాపముల లెక్కకును మాట యొక్కటే.

ముసల్మానుల విశ్వాసము ముఖ్యముగా ఆఱింటిమీద నిలిచియున్నది. దేవుడొక్కడే యనుట, దేవదూతలు, దైవగ్రంథములు, ప్రవక్తలు, అంత్యదినము, దైవనిర్ణయము. ప్రతి మనుజునికిని ఇద్దఱు వ్రాయసగాండ్రగు దేవదూతలుందురు. వారికి ‘కిరామన్ కాతిబీన్’, గౌరవనీయులైన లేఖకులు, అని పేరు. మన పురాణములలోని చిత్రగుప్తుడు లోకమంతటికి ఒక్కడే. ఇచట తలకు ఇద్దఱు! అణువంత మేలును, అణువంత కీడును గూడ ఆ వ్రాతలో విడువబడదని విశ్వాసము.

పరలోకపు లెక్క ఇంత ఖండితమైనప్పుడు ఇహలోకపు లెక్కను గూర్చి ఆ మతము ఉదాసీనముగా నుండునా? ఉండదు. ఖురానులో అన్నిటికంటె పొడవైన వాక్యము స్వర్గమును గూర్చినది కాదు, నరకమును గూర్చినదియు కాదు, అప్పుపత్రమును గూర్చినది. రెండవ అధ్యాయమున 282వ వాక్యమది. గడువు పెట్టి అప్పిచ్చినచో వ్రాసికొనవలెననియు, లేఖకుడు న్యాయము తప్పక వ్రాయవలెననియు, వ్రాయుమన్నప్పుడు నిరాకరింపరాదనియు, అప్పు తీసికొన్నవాడే చెప్పి వ్రాయింపవలెననియు, సాక్షులుండవలెననియు, మొత్తము చిన్నదని విసుగుకొనరాదనియు అందున్నది. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించియున్నారు గనుక తెలుగువారికి ఈ సంగతి చదువుకొను వీలు ఎన్నడో కలిగినది.

ఈ లెక్కను మనస్సునకు పట్టించి చెప్పినవారిలో ఇమాము గజాలీ అగ్రగణ్యుడు. అతడు 1058వ సంవత్సరమున ఇరాను దేశపు ఈశాన్యభాగమున, ఖురాసానునందలి తూసు పట్టణమున జన్మించెను. తండ్రి ఉన్ని వడికి అమ్ముకొని జీవించువాడని చరిత్రకారులు వ్రాసిరి. అతనికి చదువు రాదు. విద్వాంసుల ప్రసంగములు వినుచు కన్నీరు పెట్టుకొనువాడట. మరణకాలమున తన యిద్దఱు కుమారులను, కూడబెట్టిన కొంచెము సొమ్మును, సూఫీయగు ఒక మిత్రునికి అప్పగించి, తనకు వ్రాత రానందులకు తాను పడిన చింత బిడ్డలు పడకుండ చూడుమని వేడుకొనెను. కొన్నాళ్ళకు సొమ్ము ముగిసెను. మిత్రుడును బీదవాడే. అతడు దాపరికము లేక ఆ మాట పిల్లలతో చెప్పి, విద్యార్థులకు అన్నము పెట్టు మదరసాలో చేరుడని పంపెను. గజాలీ పెద్దవాడైన పిమ్మట ఈ సంగతిని మఱుగుపఱచలేదు. తాము దైవము కొఱకు కాక వేఱొకదాని కొఱకు విద్యను వెదకితిమనియు, విద్య మాత్రము దైవము కొఱకుగాక ఉండుటకు ఒప్పుకొనలేదనియు అతడు చెప్పెడివాడు.

విద్యార్థిదశలో జరిగిన యొక కథ గ్రంథాలయమునకు వచ్చువారు తప్పక తెలిసికొనదగినది. గజాలీ జుర్జాను పట్టణమున గురువు చెప్పిన పాఠములు వ్రాసికొని, ఆ కాగితముల సంచితో ఇంటికి మరలుచుండెను. దారిలో దొంగలు పడి బాటసారుల సొత్తంతయు దోచుకొనిరి. గజాలీ దొంగల నాయకుని వెంటబడి, ఆ సంచి వారికెందులకును పనికిరాదనియు, అందు తన చదువంతయు నున్నదనియు బ్రతిమాలెను. నాయకుడు నవ్వెను. సంచి పోయినంతమాత్రమున చదువు పోయిన యెడల అది యేమి చదువని అడిగి, సంచి తిరిగి యిప్పించెను. గజాలీ ఆ మాటను దొంగ నోట దేవుడు పలికించిన మాటగా గ్రహించి, మూడేండ్లు కూర్చుండి ఆ కాగితములలోని దంతయు కంఠస్థము చేసెను. బీరువాలో పుస్తకముండుట వేఱు, అది మనిషిలో నుండుట వేఱు. అయితే కంఠమునకు వచ్చుటయే ముగింపు కాదని అతనికి తెలియుటకు ఇంకను చాల యేండ్లు పట్టెను.

నిషాపూరులో ఇమాము జువైనీ యొద్ద చదివి, తర్కమునను ధర్మశాస్త్రమునను ప్రసిద్ధుడై, 1091లో బాగ్దాదు నగరపు నిజామియా విద్యాలయమున ప్రధానాచార్యుడయ్యెను. దానిని స్థాపించినవాడు సెల్జూకు సుల్తానుల మంత్రియగు నిజాముల్ ముల్కు. (హైదరాబాదు నిజాము వేఱు, ఆ బిరుదే ఆఱువందల యేండ్లకు పిమ్మట ఆసఫ్ జాహీ మూలపురుషునకు వచ్చినది.) అప్పటికి గజాలీకి ముప్పది మూడేండ్లు. మూడువందలమంది శిష్యులు. మంత్రులును అమీరులును గౌరవించువారు. అంతకంటె లోకమున ఒక పండితునకు కావలసిన దేమి?

1095లో ఆ పండితునకు నోరు పడిపోయెను. పాఠము చెప్పుటకు కూర్చుండును, మాట రాదు. ముద్ద మ్రింగుడుపడదు, గ్రుక్కెడు నీరు దిగదు. వైద్యులు చూచి, ఇది హృదయమున బయలుదేఱిన వ్యాధియని చెప్పి విడిచిరి. తన స్వీయచరిత్రలో గజాలీ దీని కారణమును దాచలేదు. తాను పాఠము చెప్పుట దైవము కొఱకా, కీర్తి కొఱకా యని తన్ను తాను ప్రశ్నించుకొనగా, కీర్తి కొఱకే యని తేలెను. ఆఱు నెలలు ఊగిసలాడెను. ఉదయమున పోవుదమనుకొనును, సాయంకాలమునకు పదవి పట్టి లాగును. తుదకు, కుటుంబపోషణకు చాలినంత యుంచి, మిగిలిన ధనము పంచిపెట్టి, బాగ్దాదు విడిచెను. దమస్కసులో పెద్ద మసీదు గోపురమెక్కి, తలుపు మూసికొని పగళ్ళు గడిపెను. హెబ్రోనులో ఇబ్రాహీము ప్రవక్త సమాధియొద్ద మూడు వ్రతములు పట్టెను: రాజుల సొమ్ము ముట్టననియు, రాజసభకు పోననియు, జయాపజయములకై వాదము చేయననియు. భాగవతమును రాజునకు కృతి యీయని పోతనామాత్యుని కథ వినిన తెలుగువారికి ఈ మనస్సు క్రొత్త కాదు.

ఆ సంచారకాలమున అతడు వ్రాసిన మహాగ్రంథము ‘ఇహ్యా ఉలూముద్దీన్’. నాలుగు భాగములు, భాగమునకు పది చొప్పున నలువది ప్రకరణములు. ఆఖరి ప్రకరణము మరణమును, పరలోకమును గూర్చినది. గర్వమును గూర్చి యొక ప్రకరణమే కలదు. మనుజునకు గర్వము కలిగించు వస్తువులు ఏడని అందు లెక్కించెను. కులము, అందము, బలము, ధనము, పరివారము ఇవన్నియు తరువాతివి. దైవభక్తియు సత్కర్మయు రెండవది. మొదటిది విద్య! ధనవంతుని గర్వము లోకమునకు కనబడును. పండితుని గర్వము పండితునకే కనబడదు.

వినయమున్నదో లేదో తెలిసికొనుటకు అతడు చెప్పిన పరీక్షలు పల్లెటూరివారికిని తెలియునట్టివి. వాదములో సత్యము ఎదుటివాని నోట వచ్చినప్పుడు మనస్సు చివుక్కుమనుచున్నదా? బీదవాడు భోజనమునకు పిలిచిన పోవుటకు కాలాడుచున్నదా? అంగడినుండి ఇంటి సరకు స్వయముగా మోసికొని వచ్చుటకు సిగ్గగుచున్నదా? ఇవి సులభములే యనిపించును. ఒక చోట మాత్రము అతడు మిక్కిలి సూక్ష్మముగా చూచెను. సభలో తనతోటివారి ప్రక్కను కూర్చుండక, చెప్పులు విడుచు చోటికి పోయి కూర్చుండువాడు వినయవంతుడని అందఱు ననుకొందురు. గజాలీ ఒప్పుకొనలేదు. వినయము చూపుకొనుటకై క్రింద కూర్చుండుట గర్వమే యనెను. ఇట్టి వినయవంతులను చూడనివారు సభలో ఎవరైన నున్నారా?

ఇక లెక్క. ఆత్మపరిశోధనమును గూర్చిన ప్రకరణమున గజాలీ వర్తకుని పోలిక తెచ్చెను. మనుజుని బుద్ధి వర్తకుడు, మనస్సు అతని భాగస్వామి, ఆయుస్సు మూలధనము. భాగస్వామికి ఉదయముననే షరతులు చెప్పవలెను. పగలంతయు కనిపెట్టుచుండవలెను. రాత్రి లెక్క అడుగవలెను. లోటు వచ్చిన తీర్చుకొనవలెను. లోకమున వర్తకుడు పైసా పోయినచో నిద్రపోడు గాని, దినము పోయినచో హాయిగా నిద్రించునని అతని బాధ. కరణములున్న కాలమున జమాబందీ రేపనగా రాత్రి దీపము పెట్టుకొని కవిలె సరిచూచుకొనువారు. ఏటికొకసారి అధికారి వచ్చుననియైన వారికి తెలియును. గజాలీ చెప్పు అధికారి ఏ దినమున వచ్చునో చెప్పి రాడు.

దినమునకు ఇరువదినాలుగు గంటలు గనుక, లెక్కల దినమున ఒక్కొక్క దినమునకు ఇరువదినాలుగు పెట్టెలు తెఱవబడునని అతడు చెప్పెను. మేలు చేసిన గంట పెట్టెలో వెలుగుండును. కీడు చేసిన గంట పెట్టె తెఱచినచో చీకటియు దుర్గంధమును. మూడవ రకము పెట్టె ఉత్తది. అందు వెలుగు లేదు, చీకటి లేదు. నిద్రలోనో ఊసుపోక మాటలలోనో పోయిన గంట అది. నింపవలసిన పెట్టె ఖాళీగానున్నదని పడు దుఃఖమును గజాలీ ప్రత్యేకించి వర్ణించెను. పాపమునకు భయపడువారు లోకమున లేకపోలేదు. ఉత్తపెట్టెకు భయపడువారు అరుదు.

ఈ లెక్కలో దేవునికి చెల్లవలసినవి వేఱు, తోటివారికి చెల్లవలసినవి వేఱు. ప్రవక్త ముహమ్మదు ఒకసారి దివాలా తీసినవాడెవడని అనుచరుల నడుగగా, సొమ్ము లేనివాడని వారనిరి. ఆయన మఱియొకని చూపెను. అతడు నమాజును, ఉపవాసములను, దానమును వెంటబెట్టుకొని లెక్కకు వచ్చును. కాని ఒకని తిట్టియుండెను, ఒకని సొమ్ము తినియుండెను, ఒకని కొట్టియుండెను. వారందఱును వచ్చి నిలువగా, అతని పుణ్యము వారికి పంచిపెట్టబడును. అది చాలనిచో వారి పాపము అతని తలకెక్కింపబడును. పొలము గట్టు జరిపి తీర్థయాత్రకు పోయినవాని లెక్క ఏ మతమునందైనను ఇంతే.

మరణముతో కర్మలన్నియు తెగిపోవుననియు, మూడు మాత్రము సాగుచుండుననియు ఆయన చెప్పినట్లు హదీసు గ్రంథములలో కలదు: నిలిచియుండు దానము, పదుగురికి పనికివచ్చు విద్య, తన కొఱకు ప్రార్థించు సత్సంతానము. చదువురాని ఆ ఉన్నివర్తకునకు ఈ మూడును ఒక్కసారిగా సమకూడినవి.

1106లో గజాలీ మరల నిషాపూరు విద్యాలయమున పాఠము చెప్పుట కొప్పుకొనెను. పిలిచినవాడు మంత్రియే, ఆ నిజాముల్ ముల్కు కుమారుడు. వ్రతభంగమని ఆక్షేపింపవచ్చును. వెనుక పదవిని సంపాదించు విద్యను బోధించితిననియు, ఇప్పుడు పదవిని విడుచు విద్యను బోధించుచున్నాననియు అతడు సమాధానము వ్రాసెను. ఆ సమాధానము పూర్తిగా సరిపోయెనో లేదో చెప్పుట కష్టము. కాని ఆ పదవిలో చిరకాలము నిలువక తూసునకు మరలి, ఇంటి ప్రక్కను విద్యార్థులకొక పాఠశాలయు, సూఫీలకొక మఠమును ఏర్పఱచుకొని అచటనే గడపెను.

1111వ సంవత్సరము డిసెంబరు మాసమున ఒక సోమవారము తెల్లవాఱుజామున అతడు లేచి, కాలు సేతులు కడుగుకొని నమాజు చేసెను. తన ప్రేతవస్త్రమును తెమ్మని యడిగెను. కుట్టు లేని తెల్లని గుడ్డ యది. ధనికునకైనను బీదకైనను అదియే. దానిని అందుకొని, ముద్దిడుకొని, కన్నులకద్దుకొని, ప్రభువు కొలువునకు సంతోషముగా వచ్చుచున్నానని పలికి, మక్కా దిక్కునకు తిరిగి కాళ్ళు చాచెను. ప్రొద్దు పొడువకముందే ప్రాణము పోయినదని తమ్ముడు అహ్మదు చెప్పెను.