వంటయింటి పొగ - దాని తూకము
(మహాసభ రెండవనాటి ఉదయ సమావేశమున చేయబడిన ఉపన్యాసము)

విద్యార్థివేతనముల తీర్మానము చర్చకు రాకముందు శాస్త్రవిషయమొకటి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. చంద్రమండలయాత్రనుగూర్చి చెప్పుదుమని కొందరు తలచియుందురు. మేము కట్టెలపొయ్యినిగూర్చి చెప్పవచ్చితిమి.

1947లో జన్మించిన కిర్క్ స్మిత్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు యౌవనమున హోనొలూలూ నగరమందలి ఈస్ట్ వెస్ట్ సెంటరునందు పనిచేయుచుండెను. అణుశక్తి మొదలగువానివలన ప్రజారోగ్యమునకు గలుగు అపాయములను పోల్చిచూచుట ఆయన తొలి పరిశ్రమ. కోట్లకొలది ఇండ్లలో అన్నము ఉడికించునది కట్టెయు పిడకయునే కదా, ఆ పొగను కొలిచినవారెవ్వరని ఆయనకు సందేహము కలిగెను. వెదకిచూడగా అట్టివారు మిక్కిలి అరుదు. నాడు గాలిని పరీక్షించు యంత్రములు నగరములలో మేడలపైనను, కూడళ్లయందును ఉండెడివి. వంటయింటిలోనికి వచ్చినవి కావు.

ఆయన 1981లో అగర్వాలు, దవే అను భారతీయులతో గూడి గుజరాతునందలి నాలుగు గ్రామములలో ఈ పని గావించెను. పద్ధతిని తెలిసికొనుట కష్టము కాదు. వడపోత కాగితమును ముందుగా తూచి, చిన్న డబ్బీలో బిగించి, వంట చేయునామె రవికకు ముక్కునకు దాపుగా తగిలింతురు. నడుమునకు కట్టిన పంపు ఆ కాగితముగుండ గాలిని లాగుచుండును. వంట ముగిసినపిదప కాగితమును మరల తూతురు. పెరిగిన బరువును గాలి పరిమాణముతో భాగించినచో లెక్క తేలును. పంపు నిమిషమునకు 2 లీటర్లు లాగినచో గంటకు 120 లీటర్లు. అందు చిక్కిన మసి మిల్లీగ్రామునకు లోపే యుండవచ్చును. బంగారము తూచు త్రాసు దీనికి చాలదు. చేయి వణకినను, కాగితమునకు తేమ తగిలినను లెక్క తప్పును. ఆ శ్రమకు ఫలముగా తేలినదేమనగా, వంటవేళ ఆ స్త్రీలు పీల్చు గాలిలో ఘనమీటరునకు సగటున సుమారు 7 మిల్లీగ్రాముల ధూళి కలదు. 1983లో ఈ సంగతి ప్రకటింపబడెను.

ఇది గుజరాతు మాట యని మనవారు ఊరడిల్లనక్కరలేదు. చెన్నపట్టణమునందలి శ్రీరామచంద్ర వైద్యవిద్యాసంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్ గారును, వారి సహచరులును నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాలలో 420 పల్లెయిండ్లను పరీక్షించి 2004లో ఫలితములను వెల్లడించిరి. కట్టెలు మొదలగు ఘన ఇంధనములు వాడు ఇండ్లలో దినమంతటికిని సగటు చూడగా, వంట చేయు స్త్రీ పీల్చు గాలిలో ఘనమీటరునకు 444 మైక్రోగ్రాముల సన్నని ధూళియు, పిల్లల విషయమున 289యు, పురుషుల విషయమున 202యు తేలినవి. మైక్రోగ్రామనగా మిల్లీగ్రామున వేయవవంతు. వెలుపలి గాలికి 2009లో మన దేశము ఏర్పరచిన హద్దు దినమునకు 100.

ముందువరుసలోని పెద్దలు మరియొక వింతను చిత్తగింపవలెను. పురుషులలో అధికముగా పొగ పీల్చినవారు 65 మొదలు 80 ఏండ్లవరకు గలవారు! కాళ్లాడక ఇంటిపట్టున కూర్చుండు వయస్సు కదా. పొయ్యి ఆడువారి వ్యవహారమని తోసివేయు తాతగారికి ఆ పొయ్యియే తోడు.

ఇండ్లలోని పొగ కారణముగా 2020లో లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. 1999లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016లో దేశమున ఉజ్జ్వల పథకమును గ్యాసును పేదలయిండ్లకు చేర్చినవి. అయినను సిలిండరు మూలనుండ కట్టెలు రగులు ఇండ్లు నేటికిని కలవు. మరల నింపించుకొనుటకు రొక్కము వలయును గదా. శాస్త్రమెల్లప్పుడును మనకు ప్రియమైన ఫలమునే చెప్పదు. తమిళనాడుతో గూడ నాలుగు దేశములలో 3200 మంది గర్భిణులపై జరిగిన పరిశోధనయందు గ్యాసుపొయ్యివలన పొగ మిక్కిలి తగ్గినను, శిశువుల జననపు బరువు పెరుగలేదని 2022లో తేలెను. కావున కొలుచువారి పని ఇంకను తీరలేదు.

మన నిధినుండి వేతనములు వైద్యమునకును, ఇంజనీరింగునకును మాత్రమే పోవుచున్నవి. ఇట్టి పరిశోధనకు పూనుకొను మన బాలిక యొకతెకు రెండేండ్ల వేతనమును, ఒక త్రాసునకు, పంపులకు వలయు సొమ్మును ఈ మహాసభ మంజూరు చేయవలెనని మా మనవి. ఆమె మొదట కొలువదగిన గాలి మన విద్యార్థి వసతిగృహపు వంటశాలయందే కలదు. అచ్చట నేటికిని ముగ్గురు తల్లులు మూడు గాడిపొయ్యిల చెంత, కిటికీలేని గదిలో, రెండు పూటల వండుచున్నారు. దాతలు గోడపై తమ పేరుగల శిలాఫలకమును చూచి మరలుదురు. వెనుకనున్న ఆ గదిలో అడుగిడినవారు కొలదిమందియే. గ్యాసుపొయ్యిలకును, పొగ వెడలు మార్గమునకును అగు వ్యయపు అంచనాను కార్యదర్శిగారి కొసగితిమి. మధ్యాహ్నపు సమావేశమున వారు దానిని చదువుదురు.