టైమింగ్ బెల్టు తెగితే ఇంట్లో ఏం చేయగలం?

సాఫీగా పోతున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ ఎప్పటికన్నా తేలిగ్గా గిర్రున తిరుగుతుంది, స్టార్ట్ మాత్రం కాదు. అలాంటప్పుడు మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. తెగింది టైమింగ్ బెల్టే అయితే, కొట్టిన ప్రతిసారీ లోపల నష్టం పెరగవచ్చు.

ఆ బెల్టు చేసే పనేమిటో చూద్దాం. ఇంజన్ అడుగున క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది. పిస్టన్లు దానికి బిగించి ఉంటాయి. పైన హెడ్డులో ఉండే క్యామ్ షాఫ్ట్ వాల్వులను తెరుస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి తిప్పేది పళ్ళున్న రబ్బరు బెల్టు. 1962లో జర్మనీలో తయారైన గ్లాస్ 1004 కారుతో ఇది వాడుకలోకి వచ్చింది. కొన్ని ఇంజన్లలో ఇదే పనిని చైన్ చేస్తుంది.

ఒకే రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఒకరి రోకలి లేచాకే రెండోవారిది పడాలి. వరస తప్పితే రోకళ్ళు ఢీకొంటాయి. పిస్టన్, వాల్వుల సంగతీ అంతే. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. బెల్టు తెగగానే క్యామ్ నిలిచిపోయి కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. పిస్టన్లు మాత్రం ఊపు మీద పైకి వస్తూనే ఉంటాయి, వాల్వులను కొట్టి వంచేస్తాయి. కొన్ని ఇంజన్లలో ఈ రెంటి మధ్యా చోటుంటుంది. వాటికి కొత్త బెల్టు వేస్తే సరిపోతుంది. మీది ఏ రకమో ఆ మోడల్ సర్వీస్ పుస్తకంలో చూసుకోండి.

ఓపిక, పనిముట్లు, ఆ పుస్తకం ఉన్నవారు ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ముందు ఇంజన్ చల్లారనివ్వండి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. కారు కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్ముకోవద్దు, గట్టి స్టాండులు పెట్టండి. బయటికి తీసిన రేడియేటర్ కూలెంట్ తియ్యగా ఉండే విషం. పిల్లలకూ కుక్కలకూ అందకుండా మూతపెట్టి దాచండి.

కొత్త బెల్టు వేసి వెంటనే తాళం తిప్పడం పెద్ద పొరపాటు. నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే, బెల్టు వేసే ముందు క్రాంక్‌ను దాని టైమింగ్ గుర్తు నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పాలి. అప్పుడు పిస్టన్లన్నీ మధ్యలో ఉంటాయి, క్యామ్‌ను తిప్పినా వాల్వులకు తగలవు. క్యామ్‌ను దాని గుర్తుకు తెచ్చి, ఆ తర్వాత క్రాంక్‌ను మళ్ళీ దాని గుర్తుకు చేర్చి బెల్టు వేయండి. ప్లగ్గులు తీసేసి, పానాతో చేత్తోనే రెండు పూర్తి చుట్లు నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డుకుంటే బలం చూపవద్దు. చుట్లు పూర్తయ్యాక గుర్తులు కలిశాయో లేదో మళ్ళీ చూడండి.

తర్వాత ఒక్కో సిలిండర్‌లో కంప్రెషన్ గేజి పెట్టి చూడాలి. దీనికి బ్యాటరీ కలపాలి కాబట్టి ముందే పెట్రోలూ, ప్లగ్గులకు కరెంటూ అందకుండా ఆపేయండి. అన్నిటా ఒత్తిడి దాదాపు సమానంగా వస్తే అదృష్టవంతులు. ఏదో ఒకదాంట్లో ముల్లు లేవకపోతే వాల్వు వంగిందన్న అనుమానం బలపడుతుంది, హెడ్డు విప్పక తప్పదు.

హెడ్డు విప్పడం, బిగించడం ఇంట్లో చేసుకోవచ్చు. వాల్వులు మార్చి, వాటి సీట్లు సరిచేసి, హెడ్డు చదునుగా ఉందో లేదో కొలవడం మాత్రం లేత్ షాపు వాళ్ళకే వదిలేయండి. ఆలోగా పిస్టన్ల మీద పడ్డ గాట్లను పరిశీలించండి. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తదే వేయాలి. చాలా ఇంజన్లలో హెడ్డు బోల్టులు సాగే రకం, రెండోసారి పనికిరావు. టార్క్ రెంచ్‌తో, పుస్తకంలోని వరసలో, మధ్య నుంచి అంచులకు, విడతలవారీగా బిగించండి.

బెల్టు ఎందుకు తెగిందో తెలుసుకోకపోతే కొత్తదీ తెగుతుంది. ఆయిల్ సీలు కారితే ఆ నూనెకు రబ్బరు పాడవుతుంది. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ పట్టేస్తే బెల్టు కాలిపోతుంది. చాలా కార్లలో వాటర్ పంపును తిప్పేదీ ఈ బెల్టే. అందుకే టెన్షనర్, పుల్లీ, వాటర్ పంపు అన్నీ ఒకేసారి మార్చడం మంచిది.

అసలు తెగేదాకా ఆగడమెందుకు? చాలా కంపెనీలు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య బెల్టు మార్చమంటాయి, దానికి ఏళ్ళ గడువు కూడా పెడతాయి. ఏది ముందొస్తే అదే లెక్క. కారు కదలకుండా ఉన్నా రబ్బరుకు వయసు పెరుగుతుంది. పాత కారు కొన్నవాళ్ళు, మార్చినట్టు రసీదు లేకపోతే, మార్చలేదనే అనుకోండి. బెల్టుకయ్యే ఖర్చు, హెడ్డు విప్పితే అయ్యే ఖర్చులో చిన్న భాగం. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అతికించండి. రేపు ఆ కారు ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళకు దారి మధ్యలో ఆగే కష్టం తప్పుతుంది.