అందరికీ ఒకే కొలత పనికిరాదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటిజం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "ఫలానావారి అబ్బాయికీ అదే ఉందట, వాడు శుభ్రంగా బడికి పోతున్నాడే, మీవాడు మాట్లాడడేం?" అని మనం తేలిగ్గా అడిగేస్తాం. ఆ ప్రశ్న తల్లి గుండెలో ఎంత లోతుగా దిగుతుందో ఆలోచించం.

ఆటిజం అంటువ్యాధి కాదు, గాలీ ధూళీ కాదు, పెంపకంలో లోపం అసలే కాదు. మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లలను గమనించి దీన్ని వివరించారు. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ మాటలు బాగా వచ్చిన పిల్లల గురించి రాశారు. 2013లో అమెరికా మానసిక వైద్యులు వీరందరినీ ఒకే పేరు కిందికి తెచ్చి, మూడు స్థాయిలు పెట్టారు. ఆ స్థాయిలు చెప్పేది ఎవరికి ఎంత సాయం కావాలన్నదే. ఎవరి విలువ ఎంత అన్నది కాదు.

మన సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన కొలమానంలో 40 అంశాలున్నాయి. మొత్తం 70 నుంచి 106 వస్తే స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. కాని అంకె ఒక్కటే అంతా చెప్పదు. ఒక పిల్లవాడు విన్న సూరాలన్నీ అప్పజెబుతాడు, దాహమేస్తే మాత్రం నీళ్ళడగలేడు. ఇంకొకడికి మాట రాదు, బట్టలు మడతపెడితే అంచుకు అంచు కలుస్తుంది. మొదటివాడు తెలివిగలవాడని సాయం మానేస్తాం. రెండోవాడికి ఏమీ రాదని నేర్పడం మానేస్తాం. రెండూ అన్యాయమే.

మరొక మాట. అక్క సంబంధం చెడిపోతుందని తమ్ముణ్ణి లోపలి గదిలో దాచే ఇళ్ళున్నాయి. దాచిన పిల్లవాడికి చికిత్సా అందదు, చదువూ అందదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ తీసుకోండి. 18 ఏళ్ళు నిండాక తన వ్యవహారాలు తాను చూసుకోలేనివారికి, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా స్థాయి కమిటీ ద్వారా సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. చూసుకోగలిగినవారికి ఆ అవసరమే లేదు. ఇక్కడా మనిషిని బట్టే.

అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ గారి సందర్భంలో అబస సూరా అవతరించిందని మనందరికీ తెలుసు. ఆ పాఠం మసీదు వరుసలోనూ, పెళ్ళి పందిట్లోనూ గుర్తుండాలి. పండుగనాడు మైకు మోతకు చెవులు మూసుకునే పిల్లవాణ్ణి చూసి నవ్వకండి. కాస్త ఎడంగా, నిమ్మళంగా ఉన్నచోట వాడికి జాగా ఇవ్వండి. ఆ తల్లిదండ్రులను మళ్ళీ మళ్ళీ పిలవండి.

ఇంతే నా మనవి. ఖుదా హాఫిజ్.